అంగమర్దనశాల చిరకాలము నిలుచు విధము

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములలో మనవారికి రావలసిన భాగమును గూర్చియు ప్రసంగించుటకు మాకంటె సమర్థులు పెక్కండ్రు ఈ వేదికపై నున్నారు. కార్యనిర్వాహకవర్గమువారు మా కప్పగించిన విషయము చిన్నది. ఒక గది, ఒకటి రెండు బల్లలు, ఒకరో ఇద్దరో పనివారు గల మర్దనశాల ఏడాది రెండేండ్లు గాక, ఇరువదేండ్లు నిలిచి, పిమ్మట తరువాతి తరమువారి చేతికి అందుట ఎట్లు? ఇదియే ప్రశ్న. చిన్న యంగడి మాట యని త్రోసివేయరాదు. అట్టి చిన్న యంగళ్ళమీదనే మన కుటుంబములు అనేకము బ్రతుకుచున్నవి.

నాయీబ్రాహ్మణులకు మర్దనము నిన్న మొన్న నేర్చిన పని కాదు. క్షౌరము, మంగళవాద్యము, నాటువైద్యము, స్త్రీలయందు మంత్రసానితనము, వీనితోబాటు ఒళ్ళు పట్టుటయు మన యిండ్లలో తండ్రినుండి కొడుకునకు, తల్లినుండి కూతునకు వచ్చిన విద్య. బాలింతకు స్నానము చేయించినదియు, పసిబిడ్డకు నూనె రాచి కాళ్ళు చేతులు సాగదీసినదియు మన తల్లులే. నేడు నగరములలో అద్దముల తలుపులు, సువాసన దీపములు గల పెద్ద పెద్ద స్పాలు వెలసినవి. మన బాలురు కొందరు వానిలో జీతగాండ్రుగ నిలిచియున్నారు. విద్య మనది, చేయి మనది, అంగడి మాత్రము పరులది. ఇట్లేల జరిగినది? సొమ్ము లేకపోవుట యొక కారణము. అంతకంటె లోతైన కారణ మింకొకటి కలదు. మన చేతిపనికి మనమే యెన్నడును లెక్క కట్టలేదు.

మేము చెప్పదలచినది యొక్కటే. మర్దనశాలకు మూలధనము గది కాదు, బల్ల కాదు, తైలము కాదు, పనిచేయువాని చేయి. ఆ చేతికి లెక్కలో చోటిచ్చిన శాల నిలుచును. చోటీయని శాల, ఎంత జనసమ్మర్దముతో నున్నను, కొలది యేండ్లలో మూతపడును. తక్కిన మాటలన్నియు దీనికి వ్యాఖ్యానములు.

మొదట పూర్వుల మాట. చరకసంహిత సూత్రస్థానమున 5వ అధ్యాయమందును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున 2వ అధ్యాయమందును అభ్యంగము ఆరోగ్యవంతుని నిత్యకృత్యములలో చేర్చబడినది. మర్దనము చేయువానిని సంస్కృతమున సంవాహకుడందురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజసేవకులలో సంవాహకుని పేరు గలదు. శూద్రకుని మృచ్ఛకటికమున సంవాహకుడే యొక పాత్ర. అతడు పాటలీపుత్రమున పుట్టినవాడు. మర్దనమును కళగా నేర్చి, ఉజ్జయినికి వచ్చి, చారుదత్తుని కొలువున దానినే జీవికగా చేసికొనెను. చారుదత్తుడు దానధర్మములచేత దరిద్రుడు కాగా సంవాహకుని కొలువు పోయెను. పిమ్మట అతడు జూదరియై, పది సువర్ణముల ఋణమున చిక్కి, వసంతసేన దయచే విడుదల పొంది, తుదకు భిక్షువయ్యెను. నాటకకర్త దీనిని వినోదముగ నడిపించెను గాని, వృత్తిచేయువారికి ఇందొక పాఠము గలదు. చేతిలో కళ యున్నను, ఆశ్రయించిన పోషకు డొక్కడే యైనచో, అతని సంపదతోడనే మన జీవికయు పోవును.

ఈ పాఠము పాతబడలేదు. నేడు కొందరు ఒక్క హోటలును, మరికొందరు ఒక్క ఆసుపత్రిని, ఇంకను కొందరు ఇంటికి పనివారిని పంపు ఒక్క యాప్‌ను నమ్ముకొని యున్నారు. ఆ యాప్‌వారు తమ వంతు పెంచిన దినమున, హోటలువారు యజమానిని మార్చిన దినమున, మనవాడు చారుదత్తుని వాకిట నిలిచిన సంవాహకుడే యగుచున్నాడు. కావున రాబడిలో సగమునకు మించి యొక్క చోటినుండి రాకుండ చూచుకొనుట మొదటి నియమము. యాప్ ద్వారా వచ్చిన పనిని కాదనవలదు. కాని శాలకు స్వయముగ నడచివచ్చువారు, వారు చెప్పగా వచ్చు చుట్టపక్కములు, ఇంటికి పిలుచు వృద్ధులు, ప్రసవానంతరము పిలుచు గృహస్థులు, ఈ నాలుగు త్రోవలును తెరచియే యుండవలెను.

ఇక గ్రామముల మాట. పల్లెలలో మనవారికి కూలి దినదినము వచ్చెడిది కాదు. పంట యింటికి వచ్చినపుడు కళ్ళమున మేర కొలిచి యిచ్చెడివారు. ఏడాది పొడవున క్షౌరము, పెండ్లిలో వాద్యము, పురిటిలో సేవ, ఒళ్ళు నొచ్చిన దినమున మర్దనము, అన్నిటికిని కలిపి ఆ ధాన్యమే ప్రతిఫలము. ఏ పని కెంత యని విడదీసి చెప్పగలవా డెవడును లేడు. రైతుకును తెలియదు, మనకును తెలియదు. మేర పోయినది, నగదు వచ్చినది. కాని లెక్క కట్టని యలవాటు మాత్రము మనతో పట్టణమునకు వచ్చినది. క్షౌరము చేయించుకొన్నవానికి తల, మెడ, భుజములు పట్టుట నేటికిని కొసరుగనే సాగుచున్నది. పది నిముషముల మర్దనమును కొసరుగ నిచ్చినవాడు, గంట మర్దనమునకు తగిన ధర చెప్పవలసివచ్చినపుడు నోరు మెదపలేడు. అసలు ధరను చంపునది ఈ కొసరే.

లెక్క యెట్లు కట్టవలెనో ఒక ఊహాశాలను పెట్టుకొని చూతము. అంకెలు మేము ఉదాహరణమునకు వేసికొన్నవే. ఎవరి యూరి అంకెలు వారు వేసికొనవచ్చును. ఒక్కడే పనిచేయు శాల. నెలకు అద్దె 9,000 రూపాయలు, విద్యుత్తు, నీరు 2,000, తైలములు 4,000, దుప్పట్లు, తువాళ్ళు ఉతికించుట 3,000, మొత్తము 18,000. నెలలో గంట మర్దనములు 70 జరిగినవి. ఒక్కొక్కదానికి 400 వంతున 28,000 వచ్చినవి. ఖర్చు పోగా 10,000 మిగిలినవని అతడు సంతోషించును. ఇంటివారును లాభమనియే అందురు.

కాని ఆ లెక్కలో అతని చేయి ఎక్కడ నున్నది? అదే మనుష్యుడు మరియొకని శాలలో పనిచేసిన జీతము వచ్చియుండెడిది కదా. దానిని 22,000 అనుకొందము. బల్ల, తువాళ్ళు అరిగి క్రొత్తవి కొనుటకు నెలకు 1,500 తీసి యుంచవలెను. గడ్డురోజులకు నిలువ 3,000. భీమా, వార్ధక్యమునకు పొదుపు 1,500. ఇవి యన్నియు కలిపి 28,000. మొదటి 18,000తో చేర్చిన 46,000. దీనిని 70చే భాగించిన ఒక్క మర్దనమునకు పడిన ఖర్చు సుమారు 657 రూపాయలు. అతడు 400లకు చేయుచున్నాడు. అనగా ప్రతి మర్దనమునకును 257 రూపాయలు తన యొడలినుండి తీసి ఎదుటివాని చేతిలో పెట్టుచున్నాడు. లాభమని తలచిన 10,000 లాభము కాదు. సగము జీతమైనను కాదు.

మరి ధరను ఒక్కసారిగ పెంచిన జనము పోరా? పోవుదురు. కావున ఏటేట కొంచెముగ, ముందుగ తెలియజెప్పి, పలకపై వ్రాసి పెంచవలెను. వేరొక మార్గము ఖాళీ గంటలను నింపుట. నెలకు 26 దినములు, దినమునకు 4 చొప్పున 104 మర్దనములు జరిగినచో, తైలమునకు ఉతుకునకు కొంత ఖర్చు పెరిగినను, ఒక్కొక్కదాని ఖర్చు 500 లోపలికి దిగును. సాధారణముగ శని ఆదివారములందు జనము ఎగబడుదురు. మంగళ బుధవారములందు బల్ల ఊరక పడియుండును. ఉద్యోగమునుండి విరమించినవారిని, గృహిణులను నడివారమునకు పిలుచుట, సమయము ముందుగ నిర్ణయించి వ్రాసికొనుట, నెలకొకమారు వచ్చువారికి తరువాతి తేదీ అప్పుడే యిచ్చి పంపుట, ఇట్టి చిన్న పనులే శాలను నింపును. అయితే నింపుటకును మేర కలదు. ఆ మేరను గీయునది చేయియే.

చేతి రక్షణమును గూర్చి మనవారు నవ్వి ఊరకుందురు. బండిచక్రమునకు కందెన వేయుదురు గాని తమ మణికట్టునకు విశ్రాంతి నీయరు. మర్దనము చేయువారికి బొటనవ్రేలి మొదటి కీలు, మణికట్టు, భుజము, నడుము, ఈ నాలుగు స్థానములు ముందు చెడును. బొటనవ్రేలితోనే ఒత్తుట అలవాటైనవానికి ఆ కీలు అరిగి, నలుబదియైదేండ్లకే చెంబు పట్టుకొనుటయు కష్టమగును. కావున బొటనవ్రేలిని కొలదిగ వాడి, అరచేతిమడమతోను, ముంజేతితోను, మోచేతితోను పని జరుపవలెను. బలము కండనుండి కాక, ఒక పాదము ముందు ఒక పాదము వెనుక పెట్టి నిలిచి, దేహభారమును మోపుటచే రావలెను. బల్ల ఎత్తు ప్రధానము. నిటారుగ నిలిచి చేయి జారవిడిచి పిడికిలి పట్టిన, కణుపులు బల్లను తాకునంత యెత్తు సామాన్యముగ సరిపోవును. అంతకు తక్కువైన నడుము వంగును; ఎక్కువైన భుజములు లేచును. పొట్టివారికిని పొడుగువారికిని ఒక్క బల్లయే చాలునని పలకలతో కొట్టించుట పొదుపు కాదు. ఎత్తు మార్చగల బల్ల కొనుటయే పొదుపు. దినమునకు నాలుగైదు గంటలకు మించి చేతిపని పెట్టుకొనరాదు. మర్దనమునకు మర్దనమునకు నడుమ పావుగంట విడువవలెను. వారమున కొక దినము తలుపు మూయవలెను. ఆ మూసిన దినమును నష్టముగ వ్రాయవలదు. మరమ్మతు ఖర్చుగ వ్రాయుడు.

తరువాతి మాట నమ్మకము. చేయి మన మూలధనమైన, నమ్మకము దానిపై వచ్చు వడ్డి. ఎవరిని ముట్టవలెనో తెలిసినవాడు పనివాడు. ఎవరిని ముట్టరాదో తెలిసినవాడు విద్యావంతుడు. అజీర్ణమున్నవానికి, కఫము ప్రకోపించినవానికి, శోధనచికిత్సలు చేయించుకొన్నవానికి అభ్యంగము కూడదని వాగ్భటుడు నిషేధించెను. క్రొత్తగ జ్వరము వచ్చినవానికి వలదని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. ఆధునిక వైద్యశాస్త్రము మరికొన్ని చేర్చినది. ఒక్క పిక్కయే వాచి, వేడిగ నుండి, నొచ్చుచున్నచో ఆ కాలిని తాకరాదు. లోపలి సిరలో రక్తపుగడ్డ యుండవచ్చును. ఒత్తిన నది కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయును. రక్తము పలుచనగుటకు మందు మ్రింగువారు, ఇటీవల ఎముక విరిగినవారు, శస్త్రచికిత్స యైనవారు, గర్భవతులు, క్యాన్సరు చికిత్సలో నున్నవారు వైద్యుని యనుమతితో రావలెను. మధుమేహము చిరకాలముగ నున్నవారికి పాదములందు స్పర్శ తగ్గును. కాచిన తైలము కాలినను వారికి తెలియదు. కనుక తైలపు వేడిని ముందు మన మణికట్టుపై చూచుకొనవలెను.

ఇంకొక్క మాట గట్టిగ చెప్పవలసియున్నది. క్షౌరశాలలలో తల పట్టిన పిమ్మట మెడను చటుక్కున త్రిప్పి శబ్దము పుట్టించుట ఘనకార్యముగ సాగుచున్నది. మెడ యెముకల రంధ్రములగుండ మెదడునకు రక్తము గొనిపోవు ధమనులు రెండు గలవు. ఆ త్రిప్పుటలో ధమని లోపలిపొర చిరిగిన, అచ్చట గడ్డకట్టిన రక్తము మెదడునకు పోయి పక్షవాతము వచ్చును. వేయిమందికి ఏమియు కాకపోవచ్చును. కాని ఆ వేయిన్నొకటవ మనుష్యుడు మన బల్లపై ప్రాయము చెడి లేచిన, మన యంగడి మాత్రమే కాదు, ఆ వీధిలో మనవారి యంగళ్ళన్నియు పోవును. మెడ విరుచుటను మన సంఘము కులకట్టుబాటుగ మాన్పింపవలెనని మా ప్రార్థన.

నమ్మకమునకు మరియొక ముఖము మర్యాద. మసాజు అను మాటకు కొందరి దుష్కృత్యములచే మైల యంటినది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టము క్రింద దాడులు జరిగినపుడు, నిర్దోషియైన ఇరుగుపొరుగు శాలవానిని గూడ లోకము వేలెత్తి చూపును. దీనికి మందు బోర్డుపై పెద్ద అక్షరములు కాదు, దినదినపు నడవడి. పురపాలక సంఘపు లైసెన్సు, 1988 నాటి దుకాణములు సంస్థల చట్టము క్రింద నమోదు పత్రము గోడపై కనబడవలెను. ధరల పట్టిక పైకి వ్రాయవలెను. స్త్రీలకు స్త్రీలే చేయవలెను. పనిచేయు భాగము తప్ప తక్కిన దేహము దుప్పటితో కప్పియుండవలెను. ఎచ్చట ముట్టుదుమో ముందుగ చెప్పి, సరేయన్న పిమ్మటనే ముట్టవలెను. ఒక్కొక్కరికి ఉతికిన దుప్పటి వేరుగ నుండవలెను. ఆ విధముగ నడచిన శాలకు కుటుంబములు వచ్చును. కుటుంబములు వచ్చు శాలకు అపవాదు రాదు.

లేని మహిమలు చెప్పుకొనుటయు నమ్మకమును చెరచును. ఈ తైలముచే పక్షవాతము కుదురును, మధుమేహము పోవును అని పలక కట్టుట 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టమునకు విరుద్ధము. ఆ చట్టపు పట్టికలో ఈ రెండు వ్యాధుల పేరులును గలవు. అలసట తీరును, బిగిసిన కండరములు సడలును, నిద్ర పట్టును అని చెప్పిన చాలును. అది నిజము, నిజము మరల వచ్చునట్లు చేయును.

ఇపుడొక దూరదేశపు చరిత్ర. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మదు అను భారతీయుడు ఇంగ్లండు చేరి, 1810లో లండనులో హిందూస్థానీ భోజనశాల పెట్టెను. అది నిలువక 1812లో దివాలా తీసెను. అప్పటికి అతనికి యాబది దాటినవి. తరువాత సముద్రతీరమందలి బ్రైటనునకు పోయి, 1814 మొదలు ఆవిరిస్నానముతో కూడిన భారతీయ మర్దనమును ప్రవేశపెట్టెను. ‘చాంపో’ యను హిందీ మాటయే ఇంగ్లీషువారి నోట షాంపూ అయి నేడు తలంటు సీసాలపై నిలిచినది. ఆయన తన వలన మేలు పొందినవారి మాటలను వ్రాయించి పుస్తకములుగ దాచెను. 1822లో మర్దనమును గూర్చి స్వయముగ గ్రంథము వెలువరించెను. నాలుగవ జార్జి, నాలుగవ విలియము రాజులకు మర్దన వైద్యుడను బిరుదు పొందెను. అంతటి ప్రసిద్ధి గలిగినను ఆ స్నానగృహమునకు సొమ్ము పెట్టినది వేరొక భాగస్వామి. ఆ భాగస్వామి గతింపగా 1841లో ఆ భవనము వేలమునకు వచ్చెను. దానిని కొనగల ధనము దీన్ మహమ్మదువద్ద లేకపోయెను. 1851లో ఆయన కాలధర్మము నొందెను.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసినవి రెండు. ఆయన వలె మనమును వచ్చినవారి వివరములను వ్రాసి యుంచవలెను. పేరు, దూరవాణి సంఖ్య, ఏ నొప్పికి వచ్చినారో, ఏ తైలము పడినదో, ఏది పడలేదో పుస్తకమున నుండవలెను. శాల యొకచోటినుండి మరియొకచోటికి మారినను ఆ పుస్తకముతో జనము వత్తురు. ఆ వ్రాత ఇతరుల కంట పడకుండ దాచుటయు మన ధర్మమే. రెండవది, గోడలు ఎవరివో మరువరాదు. ఏడాదికి మించిన కౌలు పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలసియుండును గనుక, పెక్కుమంది 11 నెలల కాగితముతో తృప్తిపడుదురు. పదకొండు నెలల నమ్మకముపై ఇరువదేండ్ల శాల నిలువదు. గదిని సొంతము చేసికొనలేనివారు ఖర్చు పెట్టియైనను మూడేండ్లకో అయిదేండ్లకో రిజిస్టరు కౌలు వ్రాయించుకొనుడు. గోడలకు సింగారము తక్కువ చేసి, ఎత్తుకొనిపోగల బల్లకు, తువాళ్ళకు ఖర్చు పెట్టుడు.

గడ్డుకాలమునకు నిలువ యేల యని యిక నెవరు నడుగరనుకొందుము. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినపుడు గుమాస్తా ఇంటనుండి పనిచేసెను. పంతులు తెరపై పాఠము చెప్పెను. ముట్టి చేయు పనివాడు మాత్రము ఊరక కూర్చుండెను. మర్దనమును దూరమునుండి చేయుట యసాధ్యము. కావున మూడు నెలల ఇంటిఖర్చు, అంగడిఅద్దె ఎప్పుడును నిలువ యుండవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న పెద్దల మాట మర్దనశాలకు వ్రాసిపెట్టినట్లున్నది.

సర్కారువారి సాయములను తెలిసి వాడుకొనవలెను. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో మన క్షురకవృత్తియు నొకటి. శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000, హామీ లేకయే మొదట లక్ష, అది తీర్చిన పిమ్మట రెండు లక్షలు, 5 శాతము వడ్డీపై ఋణము అందు నిర్ణయింపబడినది. తెలంగాణమున 2021 ఏప్రిల్ 1 నుండి నాయీబ్రాహ్మణుల క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రవేశపెట్టబడినది. 2025 సెప్టెంబరు 22 నుండి దేహసౌఖ్య సేవలపై జీఎస్టీ 18 శాతమునుండి 5 శాతమునకు దిగినది. ఏటి రాబడి 20 లక్షలు దాటని శాలకు సామాన్యముగ ఆ నమోదే అక్కరలేదు. ప్రధానమంత్రి సురక్షా భీమా యోజనకు 2022 జూన్ 1 నుండి ఏడాదికి 20 రూపాయలు ప్రీమియము. ప్రమాదమున ఒక చేయి పనికిరాకుండ పోయిన లక్ష, రెండు చేతులును పోయిన రెండు లక్షలు అందులో వచ్చును. చేతిపై బ్రతుకువాడు ఆ యిరువది రూపాయలు కట్టకుండుట ఎట్టి యవివేకమో చెప్పనక్కరలేదు. అయినను మెల్లమెల్లగ అరిగిన కీలునకు ఏ ప్రమాద భీమాయు రాదు. దానికి మన పొదుపే దిక్కు. సాయము వచ్చినపుడు బల్ల కొనుడు, విద్య నేర్చుడు. నెలసరి ఖర్చును మాత్రము సాయముపై నడుపవలదు. అది మరల మేరను నమ్ముటయే యగును.

తుదకు వారసత్వము. మన యువకులలో కొందరు “ఈ పని మాకు వలదు, మేము చదువుకొని వేరు ఉద్యోగములకు పోవుదుము” అనుచున్నారు. వారిని మేము నిందింపము. బడిలో ఏండ్లకొలది కూర్చుండి చదువు చెప్పినవారము చదువును ఎట్లు కాదందుము? పుట్టుకచేత ఎవడును ఏ పనికిని కట్టుబడినవాడు కాడు. కాని వృత్తిని వదలుట వేరు. వృత్తిని పోగొట్టుకొనుట వేరు. ఇష్టములేక వదలిన బాధ లేదు. ఇష్టముండియు, విద్య యుండియు, లెక్క తెలియక అంగడి మూసికొని పరుల అంగడిలో జీతమునకు నిలుచుటయే బాధ. నేర్వగోరినవారికి ఇదియును చదువే. దేహనిర్మాణము, కీళ్ళు, ధమనులు, తైలముల గుణములు, పద్దు వ్రాయుట, ఇవి యన్నియు తెలియనిదే మర్దనము రాదు. జపానులో 1947లో చేసిన చట్టము ప్రకారము మర్దనవృత్తికి పాఠశాలలో చదివి, పరీక్షలో నెగ్గి, లైసెన్సు పొందవలెను. అచ్చట అది అంధులకు తరతరములుగ గౌరవజీవికయై యున్నది. మన యింట పుట్టిన విద్యకు అంతపాటి గౌరవము మనమే యీయకున్న లోకమేల యిచ్చును?

స్త్రీల మాట మరువరాదు. బాలింతల స్నానము, శిశుమర్దనము ఎరిగిన మన వృద్ధ స్త్రీలు ఇంకను కొందరున్నారు. వారి చేతినుండి కోడండ్రు, కూతుండ్రు నేర్చుకొన్నచో నగరములలో ఆ పనికి ఆదరణ కొదువలేదు. తల్లీబిడ్డలకు ఏది మంచిదో ఏది చెరుపో వైద్యురాండ్రతో విచారించి, పాత వానిలో హానికరములైనవి మాని, మేలైనవి నిలుపవలెను.

మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది, చేతికూలికి గడి గల నమూనా పద్దుపుస్తకమును సంఘము అచ్చువేయించి సభ్యుల కీయవలెను. రెండవది, అనుభవముగల పనివానివద్ద ఆరునెలలు, దేహశాస్త్రము తెలిసిన అధ్యాపకునివద్ద కొన్ని వారములు నేర్చుకొను బాలబాలికలకు పోషకులు వేతనము లేర్పరుపవలెను. మూడవది, చేయి నొచ్చి పని మానవలసివచ్చిన సభ్యునకు రెండు మూడు నెలలు ఆదుకొను నిధి యొకటి జిల్లాకొకటి స్థాపింపవలెను. పోషకులు భవనములకు విరాళములిచ్చి శిలాఫలకములపై పేరులు చెక్కించుకొనుట మంచిదే. ఈ నిధి కిచ్చినవారి పేరు పనివాని చేతిలో నిలుచును. అది శిలకంటె తక్కువది కాదు.

రేపు ఉదయము అంగడి తెరచినపుడు తైలపు గిన్నెకంటె ముందుగ పద్దుపుస్తకమును తీయుడు. అందు అద్దె గడి యున్నది, విద్యుత్తు గడి యున్నది. “నా చేతికి” అను గడి లేకున్న, దానిని ముందుగ గీయుడు.

ధన్వంతరి భగవానుడు మన చేతులకు బలమును, మన యంగళ్ళకు దీర్ఘాయువును ప్రసాదించుగాక!

స్వస్తి.